‘ప్రెజెన్స్ చాలదు’ అన్న బాసుకు ఏమని బదులివ్వాలి?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఒక పల్లెటూరు. 2010లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చాను. ప్రస్తుతం డాలస్ శివారులో, ఆరోగ్య బీమా సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో సీనియర్ మేనేజర్‌గా ఉన్నాను. నా బృందంలో సగంమంది ఇక్కడ, సగంమంది హైదరాబాద్‌లో పనిచేస్తారు. నిరుడు నా వార్షిక సమీక్షలో ‘పని బాగుంది గాని ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ (పెద్ద పదవికి తగిన ఠీవి) చాలదు, ఇంకాస్త గట్టిగా మాట్లాడాలి’ అని రాశారు. ఈ ఏడాది ‘అగ్రెసివ్‌గా ఉంటున్నారు’ అని రాశారు. మధ్యలో జరిగిందల్లా ఒక్కటే. మార్చి విడుదలకు క్లెయిముల భాగం సిద్ధం కాలేదని వైస్ ప్రెసిడెంట్ ఎదుట కారణాలన్నీ వరుసగా వివరిస్తుంటే ఆయన నడుమ అడ్డుకున్నారు. నేను ‘ఆ తేదీకి కుదరదు’ అని గొంతు కాస్త పెంచి చెప్పాను. నాకు ముందు ఈ స్థానంలో ఉన్న తెల్లాయన బల్ల గుద్ది మాట్లాడేవాడు. ఆయనను ‘డైరెక్ట్’ అని మెచ్చుకునేవారు. సమావేశంలో నేను చెప్పిన ఆలోచనే పావుగంట తర్వాత ఇంకొకరి నోట వస్తే అది వాళ్లదవుతోంది. మా బాసు మంచివాడే, కానీ ఉచ్చారణ మెరుగుపరచుకునే క్లాసు అంటూ ఒక లింకు పంపాడు. మా బృందంలోని ఒక అమెరికన్ ఉద్యోగిని, కాల్స్‌లో మేము తెలుగులోకి దిగిపోతున్నామని ఫిర్యాదు చేసింది. పక్క బృందాన్ని నడిపే నల్లజాతి సహోద్యోగి ఒకాయన ‘నాకూ ఇవే మాటలు రాశారు’ అన్నాడు. డైరెక్టర్ పదవికి పేర్లు పరిశీలించేది మరో మూడు నెలల్లో. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా నోరు మెదపవద్దని మావారు అంటున్నారు. నేను మారాలా, పోరాడాలా?

ఒక పాఠకురాలు, టెక్సాస్

సమాధానం: మారడానికైనా పోరాడటానికైనా ముందు, మీ గురించి రాసిన మాటలకు మీరు వివరం అడగాలి. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ పని చేసినట్టు కనిపించలేదు. నిరుడు మెతక అన్నారు, ఈ ఏడాది దురుసు అన్నారు. రెండుసార్లూ మీరు ఆ ముద్రను ఇంటికి తెచ్చుకుని దాని చుట్టూ మథనపడ్డారే గాని, ‘ఏ రోజు, ఏ సమావేశంలో, నేను అన్న ఏ మాట?’ అని రాసినవారిని అడగలేదు. మీ తప్పు అని అనడం లేదు. పెద్దవాళ్లు ఒక మాట అంటే తల వంచుకుని విని, తర్వాత మనలో మనం తర్కించుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన మర్యాద. అయితే అక్కడి కార్యాలయంలో సమీక్ష విని ఊరుకుంటే దానిని ఒప్పుకున్నట్టే లెక్క. వచ్చే ఏడాది సమీక్ష రాసేటప్పుడు ఇదే వాక్యాన్ని పైకి తీసి, ‘ఇంతకుముందే చెప్పాం’ అంటారు.

కాబట్టి వచ్చే వారంలోనే మీ బాసుతో అరగంట విడిగా మాట్లాడండి. సమీక్ష మార్చమని అడగవద్దు, అన్యాయం జరిగిందనీ అనవద్దు. ఇలా అడగండి: ‘డైరెక్టర్ స్థాయికి నేను సిద్ధం కావాలనుకుంటున్నాను. నేను దురుసుగా ఉన్నానని మీకు అనిపించిన సందర్భాలు రెండు చెప్పండి. అక్కడ నేను ఏమన్నాను, దానివల్ల ఏ పని చెడింది లేదా ఎవరికి ఇబ్బంది కలిగింది, అదే విషయం నేను ఎలా చెప్పి ఉంటే మీకు సమ్మతంగా ఉండేది?’ ఆయన నిజంగా మంచివాడైతే ఈ ప్రశ్నకు కాసేపు ఆలోచిస్తాడు. సందర్భాలు చెప్పగలిగితే మీకు సరిదిద్దుకోదగిన విషయం దొరికినట్టే. చెప్పలేకపోతే, తాను రాసిన మాటకు ఆధారం లేదని ఆయనకే తెలుస్తుంది. ఇది మీరు వాదించి గెలవడం కంటే ఎక్కువ. ‘నాకు కాదు, మిగతావాళ్లకు అలా అనిపిస్తోంది’ అని తప్పించుకుంటే, వాళ్ల పేర్లు అడగకుండా, ‘అయితే వచ్చే మూడు నెలల్లో ఏది చూస్తే వాళ్ల అభిప్రాయం మారుతుందో చెప్పండి’ అని అడగండి. ఆ సాయంత్రమే నాలుగు వాక్యాల మెయిలు పంపండి: మీరు చెప్పిన విషయాలు ఇవి, నేను చేయబోయేవి ఇవి, ఫలానా తేదీన మళ్లీ కలుద్దాం. కృతజ్ఞత చెబుతూ రాసిన ఆ మెయిలే రేపు అవసరమైతే మీకు సాక్ష్యమవుతుంది.

ఒకే మనిషిని ఒక ఏడాది మెతక అనీ మరో ఏడాది దురుసు అనీ అనడం వింతగా కనిపిస్తుంది గాని, మీ అనుభవం కొత్తదేమీ కాదు. కీరన్ స్నైడర్ అనే ఆమె సాంకేతిక రంగంలో పనిచేసేవారి నుంచి 248 వార్షిక సమీక్షలు సేకరించి పరిశీలించి, ఫలితాలను 2014లో ప్రచురించింది. విమర్శ మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకూ ఉంది. కానీ స్వభావం గురించిన విమర్శ, అంటే నీ గొంతు తగ్గించు, పక్కవాళ్లకు చోటివ్వు, నీతో కష్టంగా ఉంది వంటి మాటలు, దాదాపుగా ఆడవాళ్ల సమీక్షల్లోనే కనిపించాయి. మగవాళ్లకు ‘ఈ నైపుణ్యం నేర్చుకో’ అని రాసినచోట ఆడవాళ్లకు ‘నువ్వు ఇలాంటి మనిషివి’ అని రాశారు. మీకు దీనికి తోడు రంగు, ఉచ్చారణ, వలస వచ్చినవారన్న ఎరుక కూడా చేరాయి.

ఇక్కడ మీకు ఎవరో ఒకరు తప్పకుండా ఒక మాట అంటారు, బహుశా ఇప్పటికే అని ఉంటారు: ‘మీవాళ్లకేం తక్కువ, పెద్ద కంపెనీలన్నీ నడిపేది మీవాళ్లే కదా’ అని. నిజమే, అడోబీకి 2007లో శంతను నారాయణ్, మైక్రోసాఫ్ట్‌కు 2014లో సత్య నాదెళ్ల, ఐ.బి.ఎం.కు 2020లో అరవింద్ కృష్ణ అధిపతులయ్యారు. మొదటి ఇద్దరూ బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవారు. జాక్సన్ లూ, మరో ఇద్దరు పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం కూడా, అమెరికాలో నాయకత్వ స్థానాల్లో తూర్పు ఆసియా మూలాల వారు తక్కువగా ఉన్నారు గాని దక్షిణాసియా మూలాల వారు అలా లేరనీ, అభిప్రాయాన్ని వెనుకాడకుండా చెప్పే ధోరణి దానికి ఒక ముఖ్య కారణమనీ తేల్చింది. దీనివల్ల మనకు తెలిసేది ఏమంటే, గట్టిగా మాట్లాడటం అక్కడ పనికొచ్చే గుణమే. కానీ పైన చెప్పిన ముగ్గురూ మగవాళ్లే అన్న సంగతి మరిచిపోకూడదు. అదే గట్టితనం మీ నోట వచ్చినప్పుడు దానికి ఇంకో పేరు పెట్టారు. ఎవరో పైకి వెళ్లారు గనుక మీకు అడ్డంకి లేదనడం తర్కం కాదు.

ఇంత చెప్పాక, ఆ మార్చి విడుదల సమావేశం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ పక్షపాతంతో పాటు మీరు మార్చుకోదగినది కూడా ఉందని నాకు అనిపిస్తోంది. ‘కారణాలన్నీ వరుసగా వివరిస్తుంటే’ అని మీరే రాశారు. టెస్టింగ్ ఎక్కడ ఆగింది, హైదరాబాద్ బృందం ఏమంది, వెండర్ నుంచి ఫైలు ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ చెప్పి చివరకు ‘కాబట్టి ఈ తేదీకి కుదరదు’ అనడం మనం నేర్చుకున్న పద్ధతి. లెక్క చేసే పద్ధతంతా చూపించకుండా జవాబు మాత్రమే రాస్తే మార్కులు వేయని బడుల నుంచి వచ్చాం. పైగా కారణం చెప్పకుండా కాదనడం మనకు మొరటుతనంగా తోస్తుంది. వైస్ ప్రెసిడెంట్ స్థాయి మనిషి మాత్రం వరుసగా ఆరు సమావేశాల్లో కూర్చుంటాడు. మొదటి అరనిమిషంలో తన నుంచి ఏం కావాలో తెలియకపోతే అసహనపడతాడు, అడ్డుకుంటాడు. అడ్డుకున్నాక మీరు చెప్పిన మొదటి స్పష్టమైన మాట ‘కుదరదు’. అంతకుముందు చెప్పినదంతా ఆయన చెవికి ఎక్కనే లేదు గనుక, గదిలో మిగిలింది ఆ ఒక్క మాటే.

అదే విషయాన్ని ఇలా చెప్పి చూడండి: ‘మార్చి 3న విడుదల చేస్తే కొన్ని క్లెయిములకు తప్పు మొత్తం చెల్లింపు వెళ్లే ప్రమాదముంది. మనకు రెండు మార్గాలున్నాయి. మొత్తం విడుదలను 17కు జరపవచ్చు, లేదా క్లెయిముల భాగాన్ని పక్కనపెట్టి మిగతాది 3నే వదలవచ్చు. నేను రెండోదానికి మొగ్గుతున్నాను. ఈరోజు మీ నిర్ణయం కావాలి.’ ఇందులో గొంతు పెంచవలసిన అవసరమే రాదు, ఎందుకంటే అవతలివాడు అడ్డుకునేలోపే చెప్పవలసింది అయిపోయింది. కారణాలు అడిగితే అప్పుడు చెప్పండి. అడగకపోతే ఒక పేజీలో రాసి పంపండి. ఇది మీ స్వభావాన్ని మార్చుకోవడం కాదు, చెప్పే వరుసను మార్చుకోవడం. దీనికి నామోషీ పడనక్కరలేదు.

అయితే ఒక సంగతి. మీ ముందున్న ఆయన బల్ల గుద్దినా చెల్లింది మాట తీరువల్ల కాదని నా అనుమానం. అమెరికన్ కంపెనీల్లో పెద్ద సమావేశంలో తేలినట్టు కనిపించే విషయాల్లో చాలా భాగం అంతకుముందు రోజే భోజనాల దగ్గరో, కారిడార్‌లోనో, పిల్లల బేస్‌బాల్ ఆట చూస్తూనో తేలిపోయి ఉంటాయి. ఆ ఆట దగ్గర ఆయన ఉన్నాడు, మీరు లేరు. రంగు వేరైన నాయకులకు అసలు కొరత ఈ ముందస్తు మాటల్లోనే వస్తుంది. సమావేశంలో ఎంత చక్కగా మాట్లాడినా, ఆ విషయం అక్కడే మొదటిసారి వింటున్నవాళ్లకు అది ఎదురుదెబ్బలాగే తగులుతుంది. బేస్‌బాల్ నచ్చకపోతే నేర్చుకోనక్కరలేదు. ముఖ్యమైన సమావేశానికి రెండు రోజుల ముందు వైస్ ప్రెసిడెంట్‌తో పదిహేను నిమిషాలు, ఆయన ఎవరి మాట వింటాడో వారితో మరో పదిహేను నిమిషాలు అడిగి తీసుకోండి. చెడ్డ వార్త ఏదైనా అక్కడే చెప్పండి. మన తెలుగువాళ్లలో చాలామంది దీన్ని కాకాపట్టడం అనుకుని దూరంగా ఉంటారు. పని గురించి ముందుగా చెప్పడానికీ, పొగడ్తలతో పబ్బం గడుపుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఇక ఉచ్చారణ. ఆ లింకు మిమ్మల్ని బాధించిందని మీరు రాయకపోయినా తెలుస్తోంది. ఇందులో వినేవాడి వాటా ఎంతో తెలిపే ప్రయోగాలు రెండు చెబుతాను. డొనాల్డ్ రూబిన్ 1992లో ప్రచురించిన దానిలో, విద్యార్థులకు ఒకే అమెరికన్ గొంతుతో రికార్డు చేసిన ఉపన్యాసం వినిపిస్తూ, కొందరికి తెల్లజాతి స్త్రీ ఫొటోనూ కొందరికి ఆసియా స్త్రీ ఫొటోనూ చూపించారు. గొంతు మారలేదు, ఒక్క అక్షరం మారలేదు. అయినా ఆసియా ముఖం చూసినవారిలో గ్రహింపు తగ్గింది. షికాగో విశ్వవిద్యాలయంలో షిరి లెవ్ ఆరి, బోయజ్ కైసార్ 2010లో ఇంకో రకంగా చూశారు: ‘జిరాఫీ ఒంటె కంటే ఎక్కువ కాలం నీళ్లు లేకుండా ఉండగలదు’ లాంటి చిన్న వాక్యాలను వేర్వేరు యాసలవాళ్ల చేత చదివిస్తే, యాస ఉన్నవారు చదివిన వాక్యాలు అంత నిజం కావేమోనని శ్రోతలకు తోచింది. ఆ వాక్యాలు చదివినవారి సొంతం కాదని తెలిసినా అలాగే తోచింది. వినడానికి పడే శ్రమ కాస్తా నమ్మకం తగ్గడంగా మారుతోందన్నమాట. అంటే మీరు యాసను పూర్తిగా వదిలించుకున్నా మీ ముఖం చూసి యాస వినేవారు కొందరుంటారు. అలాంటప్పుడు నలభై దాటబోయే వయసులో నాలుక తిప్పడం నేర్చుకోవడానికి ఏళ్లు ఖర్చుపెట్టడం నాకు లాభసాటి బేరంగా కనిపించదు.

కానీ వినేవాడి శ్రమను తగ్గించే పనులు మీ చేతిలో కొన్ని ఉన్నాయి. మనం ఇంగ్లీషును తెలుగులాగే అన్ని అక్షరాలకూ సమానంగా బరువు ఇస్తూ, గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాం. మొదటి వాక్యం, మనుషుల పేర్లు, అంకెలు, ఈ మూడింటి దగ్గర వేగం సగానికి తగ్గించండి. మన నోట ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ వాళ్లకు ఒకేలా వినిపిస్తాయి. క్లెయిముల లెక్కల్లో పదిహేను లక్షలకూ యాభై లక్షలకూ తేడా చిన్నది కాదు. అంకె చెప్పగానే ‘వన్ ఫైవ్’ అని విడమరచండి, లేదా ఆ అంకెను తెర మీద పెద్దదిగా చూపించండి. బాసుకు ఇలా చెప్పవచ్చు: ‘లింకు పంపినందుకు కృతజ్ఞతలు. నా మాట అర్థంకాక పని దెబ్బతిన్న సందర్భం ఏదైనా ఉంటే చెప్పండి, దానిమీద తప్పక పనిచేస్తాను. అలాంటిది లేకపోతే, ఈ స్థాయిలో మిగతా మేనేజర్లకు ఇచ్చే వక్తృత్వ శిక్షణే నాకూ ఇప్పించండి.’ యాస దిద్దే తరగతికీ, నాయకులకు కంపెనీ డబ్బు పెట్టి ఇప్పించే శిక్షణకూ హోదాలో ఎంత తేడా ఉందో ఆయనకూ తెలుసు.

చట్టం విషయానికొస్తే, 1964 నాటి పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని నిషేధిస్తోంది. ఆ ఉద్యోగం చేయడానికి నిజంగా అడ్డుపడితే తప్ప యాసను సాకుగా చూపి నిర్ణయం తీసుకోవడం జాతీయ మూలం మీద వివక్షగానే లెక్కకు వస్తుంది. కానీ ఈ రక్షణకు హద్దు ఉంది. హొనొలులూలో మాన్యుయెల్ ఫ్రగాంటే అనే ఫిలిప్పీన్స్ ఆయన వాహనాల లైసెన్సు కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి రాతపరీక్షలో అందరికంటే ముందు నిలిచి, ఇంటర్వ్యూలో యాస కారణంగా ఆగిపోయాడు. ఆ ఉద్యోగానికి ప్రజలతో మాట్లాడటమే ముఖ్యమని చెప్పి అప్పీలు కోర్టు 1989లో ఆయనకు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. అందుకే ‘నా మాట అర్థమవుతోంది, పని నడుస్తోంది’ అని చూపే ఆధారాలు, అంటే క్లయింట్ల మెచ్చుకోలు మెయిళ్లు, మీరు నడిపిన ప్రదర్శనలు, వాటి తేదీలు, మీకు అవసరం.

ఆలోచనలు చేతులు మారడం గురించి. మీరు ఒక్కరే ‘అది నేనే చెప్పాను’ అంటే చిన్నబుచ్చుకున్నట్టు ఉంటుంది; ఇంకొకరు అంటే సమాచారంగా ఉంటుంది. ఒబామా హయాంలో శ్వేతసౌధంలోని మహిళా సహాయకులు ఈ పనినే ఒక ఏర్పాటుగా చేసుకున్నారని 2016లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది: ఒకామె ఒక సూచన చేస్తే మరొకామె ఆమె పేరు చెప్పి మరీ దాన్ని మళ్లీ ప్రస్తావించేది. మీకు ఈ పనికి మనిషి వెతకనక్కరలేదు, మీ పక్క బృందంలోనే ఉన్నాడు.

ఆ నల్లజాతి సహోద్యోగి మాటను మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం అదే ముఖ్యమైన వాక్యంగా కనిపించింది. మనవాళ్లలో ఒక దురలవాటు ఉంది, నిర్మొహమాటంగా చెప్పాలి: మన కష్టం యాసదనీ, వీసాదనీ, నల్లవాళ్ల కష్టం వేరనీ అనుకుంటాం. నల్లవాళ్ల గురించి మన ఇళ్లలో మాట్లాడుకునే మాటలు ఇక్కడ రాయలేను. మీకు ఈరోజు అండగా ఉన్న 1964 చట్టం వాళ్ల పోరాటంతో వచ్చింది. దేశాల వారీ పాత కోటాలను ఎత్తివేసి మనలాంటివాళ్లకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం కూడా ఆ ఊపులోనే వచ్చింది. ఇప్పుడు కంపెనీల్లో ఒకే నేపథ్యం ఉన్న ఉద్యోగులు ఏర్పరచుకునే తోడ్పాటు సంఘాలు (యూనియన్లు కావు) సైతం 1970లో జెరాక్స్‌లో నల్లజాతి ఉద్యోగులు తమ కోసం ఏర్పరచుకున్న దాని నుంచే వ్యాపించాయి. గొంతు పెంచితే కోపిష్టి, తగ్గిస్తే చేతగానివాడు అన్న ఇరకాటంలో వాళ్లు మనకంటే ఎన్నో తరాల ముందు నుంచి బతుకుతున్నారు.

కాబట్టి ఆయనను కాఫీకి పిలవండి. ఆయనకు ఏ మాటలు, ఏ సంవత్సరం, ఎవరు రాశారో అడగండి, మీవి చెప్పండి. ఒకే బాసు కింద, ఒకే రకం మాటలు, ఒకే రకం మనుషులకు పడుతున్నాయంటే అది మీ స్వభావ దోషం కాదని తేలుతుంది, రేపు ఫిర్యాదు దాకా వెళితే ఈ పోలికకే ఎక్కువ బరువు ఉంటుంది. సమావేశాల్లో ఆయన మీ పేరు చెప్పి మీ మాట నిలబెట్టడం, మీరు ఆయన పేరు చెప్పి ఆయన మాట నిలబెట్టడం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. ఆయన అవసరం తీరాక దూరమయ్యే రకంగా మాత్రం ఉండకండి, అలాంటివాళ్లను ఆయన ఇప్పటికే చూసి ఉంటాడు.

తెలుగు గురించి వచ్చిన ఫిర్యాదులో మాత్రం ఆ ఉద్యోగిని వైపు న్యాయం ఉంది. ఎప్పుడైనా ఎక్కడైనా ఇంగ్లీషే మాట్లాడాలని కంపెనీ నిబంధన పెడితే దాన్ని ప్రశ్నించవచ్చు. భోజనం బల్ల దగ్గర తెలుగు మీ ఇష్టం. కానీ పని కాల్‌లో తెలుగు రాని మనిషి ఒక్కరున్నా, మీరు బృందనాయకురాలిగా ఉండి ఆ భాషలోకి మారితే, ఆ గదిలో ఆమె స్థానం సరిగ్గా పెద్దల సమావేశంలో మీ స్థానం లాంటిదే అవుతుంది. మీరే ముందు ఆమెకు చెప్పండి, ‘పొరపాటు జరిగింది, ఇకపై జరగదు’ అని. హైదరాబాద్ వాళ్లకు ఇంగ్లీషులో చెప్పడం కష్టమైన చిక్కు విషయం ఉంటే దానికి వేరే కాల్ పెట్టుకుని, తేలిన విషయాన్ని అందరికీ రాసి పంపండి.

ఇక్కడే ఇంకొకటి. డాలస్‌లో ఉదయం తొమ్మిదంటే చలికాలంలో హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు పన్నెండు గంటలుగా మెలకువగా ఉన్న కుర్రవాడు ‘అయిపోతుంది మేడమ్’ అంటే, అది నిజంగా అయ్యే పనా, మీ ముందు కాదనలేక అన్న మాటా అని మీకు తెలుసు, మీ అమెరికన్ సహోద్యోగులకు తెలియదు. మీరు వాళ్లకు రాసిన సమీక్షలు ఒకసారి తీసి చదవండి. ‘చొరవ లేదు’, ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అన్న వాక్యాలు సందర్భం లేకుండా కనిపిస్తే, వాటికి ఏ రోజు, ఏ పని అన్నది చేర్చండి.

మీవారి సలహా భయంతో చెప్పినదే అయినా తీసిపారేయదగినది కాదు. హెచ్1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, వీసా గడువు అంతకుముందే ముగియకపోతే, అరవై రోజుల వ్యవధే దొరుకుతుంది. ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల భారతదేశంలో పుట్టినవారు ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడక తప్పడం లేదు. అయితే ‘గ్రీన్‌కార్డు వచ్చేదాకా’ అంటే ఎన్నాళ్లో ఆయనకైనా తెలుసా? పదేళ్లు నోరు మెదపకుండా ఉన్న మనిషి ఆ తర్వాత డైరెక్టరుగా మాట్లాడటం ఎక్కడ మొదలుపెడుతుంది? ఆయనతో కూర్చుని లెక్క చూసుకోండి: మీ ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ మీ తరఫున వేసిన పిటిషన్, ఆమోదం పొంది 180 రోజులు దాటిందా, దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా క్యూలో మీ తేదీ సాధారణంగా పోదు, ఇంకో కంపెనీ మీ హెచ్1బి తీసుకోవడానికి సిద్ధంగా ఉందా, ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన ఉందా. భయం తగ్గేది ఈ మూడింటికి జవాబులతోనే. నేను పైన చెప్పినవాటిలో, అంటే వివరం అడగడం, మెయిలు రాయడం, ముందుగా వెళ్లి కలవడం, వీటిలో ఏదీ ఫిర్యాదు కాదు, వీటికి వీసాతో పేచీ లేదు.

మూడు నెలల తర్వాత పదవి ఇంకొకరికి వెళ్లి, మీకు మళ్లీ సందర్భం చెప్పని విశేషణమే కారణంగా చూపిస్తే, అప్పుడు విషయం మారుతుంది. హెచ్.ఆర్. వాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడినా జీతం తీసుకునేది కంపెనీ దగ్గరన్న సంగతి గుర్తుంచుకుని, వారికి చెప్పేది రాతపూర్వకంగా, వివక్ష అన్న మాట స్పష్టంగా వాడి చెప్పండి. ‘నాకు బాధ కలిగింది’ అని మాత్రమే రాస్తే చట్టం దృష్టిలో అది ఫిర్యాదు కాకపోవచ్చు. వివక్ష అని సద్భావంతో ఫిర్యాదు చేసినవారి మీద కక్ష సాధించడం కూడా అదే చట్టం కింద నేరుగా నిషిద్ధం, వీసా మీద ఉన్నవారికైనా సరే. టెక్సాస్‌లో సమాన ఉద్యోగావకాశాల సంఘానికి, అంటే ఇ.ఇ.ఓ.సి.కి, ఫిర్యాదు చేయడానికి 300 రోజుల గడువుంది, రాష్ట్ర చట్టం కింద రాష్ట్ర సంస్థకు చేయాలంటే 180 రోజులే. కాబట్టి చిన్న గడువునే మీ గడువుగా లెక్కపెట్టుకోండి. సంభాషణలు రహస్యంగా రికార్డు చేయవద్దు. టెక్సాస్‌లో మాట్లాడేవారిలో ఒకరి సమ్మతి ఉంటే చాలునన్నది నిజమే గాని, అవతలివాడు కాలిఫోర్నియాలోనో వాషింగ్టన్ రాష్ట్రంలోనో కూర్చుని ఉంటే అక్కడి చట్టాలు అందరి సమ్మతీ అడుగుతాయి, పైగా మీ కంపెనీ నిబంధనలు వేరుగా ఉండవచ్చు. కంపెనీ పత్రాలను సొంత మెయిలుకు పంపుకోవడం ఇంకా పెద్ద పొరపాటు, దాన్నే సాకుగా చూపి ఉద్యోగం నుంచి తీసేయగలరు. ఇంట్లో, మీ సొంత పుస్తకంలో, తేదీ, స్థలం, అన్న మాటలు, అక్కడున్నవారు, ఇంతవరకు ఆరోజే రాసుకోండి.

మనవాళ్లందరికీ ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు నంబరు కంఠతా ఉంటుంది. ఈ పనికి ఆయన ఒక్కడూ చాలడు. ఉద్యోగ వివక్ష కేసులు చూసే, ఉద్యోగుల పక్షాన వాదించే లాయరు వేరే ఉంటారు. పదవి నిర్ణయం వెలువడకముందే ఒక గంట ఫీజు ఇచ్చి ఆ లాయరుతో మాట్లాడండి, సమీక్షలు రెండూ చూపించండి, ఆ లాయరు చెప్పిన మాట మీ వీసాకు ఎలా తగులుతుందో ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. కంపెనీ తరఫున మీ గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసిన లాయరును మాత్రం ఇందుకోసం అడగవద్దు. ఆయన కంపెనీకి కూడా లాయరే.